సార్త్ర మెచ్చిన ‘యు.ఎస్.ఏ.’ని ఇవాళ ఎవరూ ఎందుకు చదవడం లేదు?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. 1938లో ఫ్రెంచి తత్వవేత్త, రచయిత జాఁ పాల్ సార్త్ర అంతటివాడు “మన కాలపు రచయితలందరిలోకీ గొప్పవాడు” అన్న అమెరికన్ నవలాకారుడు జాన్ డాస్ పాసోస్ పేరు ఇవాళ ఎవరూ ఎందుకు ఎత్తరు? ఆయన ‘యు.ఎస్.ఏ.’ అంత గొప్ప నవలైతే హెమింగ్వే, ఫిట్జ్‌జెరాల్డ్, ఫాక్‌నర్‌ల పక్కన ఎందుకు కనబడదు? ఆయన రాజకీయంగా కుడివైపుకు మళ్ళాడని వామపక్ష విమర్శకులు కక్షగట్టి తొక్కేశారంటారు, నిజమేనా?

మూడోదానితో మొదలుపెడతాను. అందులో నిజం లేకపోలేదు గానీ అసలు కారణం అది కాదు. అసలు కారణం చాలావరకు క్లాసురూముల్లో ఉంది, కొంత ఆ పుస్తకంలోనే ఉంది. చాలా ఏళ్ళు ఎం.ఏ. పిల్లలకి అమెరికన్ సాహిత్యం చెప్పాను. ఈ నవల మీద నాకు కాస్త పక్షపాతం ఉంది, అది గుర్తుపెట్టుకుని చదవండి.

పుస్తకం చూడనివాళ్ళ కోసం కొంచెం. ఇది నిజానికి మూడు నవలలు. ‘ది ఫార్టీసెకండ్ ప్యారలల్’ 1930లో, ‘నైన్‌టీన్ నైన్‌టీన్’ 1932లో, ‘ది బిగ్ మనీ’ 1936లో వచ్చాయి. 1938లో మూడూ కలిపి ‘యు.ఎస్.ఏ.’ పేరుతో ఒకే సంపుటంగా వేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదలైనప్పటి నుంచి 1929 షేర్ మార్కెట్ పతనం దాకా అమెరికా కథ అది. దానికి నాయకుడంటూ ఎవరూ లేరు. పన్నెండు మంది ఉన్నారు: ఊళ్ళు పట్టుకు తిరిగే ప్రింటర్ మ్యాక్, ఓడ కళాసీ జో విలియమ్స్, స్టెనోగ్రాఫర్‌గా పనిచేసే అతని చెల్లెలు జేనీ, మాటలతోనే కోట్లు గడించే పీఆర్ మనిషి జె. వార్డ్ మూర్‌హౌస్, మెకానిక్‌గా మొదలై విమానాల కంపెనీలో వాటాదారుడైన చార్లీ ఆండర్సన్, సమ్మెల వెంట తిరిగే మేరీ ఫ్రెంచ్, ఇలా. ఒకరి కథ కొన్ని పేజీలు నడిచి ఆగుతుంది, ఇంకొకరిది మొదలవుతుంది. అప్పుడప్పుడు ఒకరి కథలోకి ఇంకొకరు వస్తారు. ఒక నవలలో మనం వంద పేజీలు వెంట నడిచిన మనిషి, ఇంకో నవలలో ఎవరి పార్టీలోనో ఒక మూల నిలబడి కనిపిస్తాడు, అంతే.

ఈ కథల మధ్యలో మరో మూడు రకాల రాత ఉంటుంది. ‘న్యూస్‌రీల్’ పేరుతో ఉన్నవి 68. అప్పటి పత్రికల హెడ్డింగులు, వార్తల ముక్కలు, జనం నోళ్ళలో నానిన పాటల చరణాలు ఒకదానికొకటి అతికించి పెట్టినవి. ‘కెమెరా ఐ’ పేరుతో 51. అవి రచయిత సొంత జ్ఞాపకాలు, మనసులో ఆలోచన ఎలా పారితే అలా రాసే చైతన్య స్రవంతి పద్ధతిలో, కామాలూ ఫుల్‌స్టాపులూ పెద్దగా లేకుండా. ఇక మూడో రకం జీవితచిత్రాలు, పాతిక పైచిలుకు ఉంటాయి: హెన్రీ ఫోర్డ్, ఎడిసన్, కార్నెగీ, అధ్యక్షుడు విల్సన్, కార్మిక నాయకుడు డెబ్స్, నర్తకి ఇసడోరా డంకన్, సినిమా నటుడు వాలెంటినో. ఇవి చూడ్డానికి కవితల్లా విరిగిన పాదాల్లో ఉంటాయి, చదివితే చార్జిషీటుల్లా ఉంటాయి.

న్యూస్‌రీల్ అంటే ఏమిటో మొట్టమొదటిదాన్నే చూడండి. కొత్త శతాబ్దానికి మోతలతో స్వాగతం, కార్మికుల స్వాగతం, చర్చిల స్వాగతం అని వరసగా పెద్దక్షరాల హెడ్డింగులు. వాటి సందుల్లోంచి ఒక సైనికుల పాట సాగుతూ ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లో ఎందరో మంచివాళ్ళు చచ్చిపోయి ఏదో దిక్కులేని సమాధిలో పడున్నారన్న చరణంతో అధ్యాయం అయిపోతుంది. రచయిత తన మాటగా ఒక్క ముక్క చెప్పడు. అమెరికా ఆ శతాబ్దంలోకి ఎలా అడుగుపెట్టిందో, ఆ అడుగు కింద ఎవరున్నారో తెలిసిపోతుంది. ఈ రోజు ఫోన్‌లో రీల్స్ చూసేవాళ్ళకి ఈ అతుకుల పద్ధతి వింతగా అనిపించదు. 1930లో మాత్రం ఒక నవల ఇలా మొదలవడం మామూలు సంగతి కాదు.

డాస్ పాసోస్ ఇక్కడికి ఎలా వచ్చాడో రెండు ముక్కల్లో చెప్పాలి. 1896లో షికాగోలో పుట్టాడు. తండ్రి పోర్చుగీసు మూలాలున్న పేరున్న లాయరు, పెద్ద పెద్ద కంపెనీల తరఫున పనిచేసినవాడు. కొడుకు పుట్టేనాటికి తల్లీతండ్రీ పెళ్ళి చేసుకోలేదు. 1910లో గానీ చేసుకోలేదు. పిల్లవాడి బాల్యం హోటళ్ళలో, ఓడల్లో, ఐరోపా ఊళ్ళలో గడిచింది. ‘కెమెరా ఐ’లో కనబడే ఆ ఇల్లు లేని బెంగ ఇక్కడిదే. హార్వర్డ్‌లో చదివి, మొదటి ప్రపంచయుద్ధంలో అంబులెన్స్ నడిపాడు. 1921లో ‘త్రీ సోల్జర్స్’, 1925లో ‘మన్‌హాటన్ ట్రాన్స్‌ఫర్’ రాసి పేరు తెచ్చుకున్నాడు. 1927 ఆగస్టు 23న సాకో, వాంజెట్టి అనే ఇద్దరు ఇటాలియన్ వలస కార్మికుల్ని హత్య కేసులో మసాచుసెట్స్ రాష్ట్రం విద్యుత్ కుర్చీలో చంపింది. వాళ్ళు నిర్దోషులని నమ్మి బోస్టన్ వీధుల్లో నిలబడి అరెస్టయిన రచయితల్లో ఆయనా ఒకడు. ఆ కోపమే ‘ది బిగ్ మనీ’ చివర్లో “సరే, మనం రెండు జాతులం” అన్న ప్రసిద్ధ వాక్యమైంది. మూడు నవలల కోపం అంతా అక్కడికొచ్చి చేరుతుంది.

పుస్తకం బతికిన రోజుల్లో దాని హోదా ఎలాంటిదంటే, 1936 ఆగస్టులో ‘టైమ్’ పత్రిక అట్ట మీద డాస్ పాసోస్ బొమ్మ వేసింది. అప్పటికి ఫాక్‌నర్‌కి ఆ గౌరవం దక్కలేదు. ‘ఒకప్పుడు జనాదరణ పొందిన నవల’ అని మీరు రాశారు గదా, అక్కడ చిన్న సవరణ. దీని కీర్తి ఎంత పెద్దదో అమ్మకాలు అంత పెద్దవి కావు. రాసే రోజుల్లోనే డబ్బు కోసం 1934లో ఆయన హాలీవుడ్ వెళ్ళి ఒక సినిమాకి పనిచేయాల్సొచ్చింది. చదివేవాళ్ళు రచయితలు, విద్యార్థులు, పత్రికలవాళ్ళు, ఉద్యమాల్లో ఉన్నవాళ్ళు. ఇలాంటి పుస్తకానికి పేరు వేగంగా వస్తుంది. ఆ వర్గం చెదిరిపోయిందంటే పేరూ అంతే వేగంగా పోతుంది. బజార్లో లక్షల కాపీలు అమ్ముడుపోయిన నవలని కనీసం పాత పుస్తకాల షాపులన్నా కాపాడతాయి.

ప్రచురణ దగ్గరే ఒక గొడవ జరిగింది. మొదటి భాగం వేసిన హార్పర్ కంపెనీ రెండో భాగంలో బ్యాంకరు జె.పి. మోర్గన్ మీద రాసిన అధ్యాయం తీసేయమంది. ఎందుకంటే ఆ కంపెనీ చితికిపోయినప్పుడు అప్పిచ్చి నిలబెట్టింది మోర్గన్ బ్యాంకే. డాస్ పాసోస్ తీయనన్నాడు, పుస్తకం పట్టుకుని హార్కోర్ట్ దగ్గరికి వెళ్ళిపోయాడు. యుద్ధాలు, షేర్ మార్కెట్ భయాలు, దివాళాలు, ఆకలి, పేలు, కలరా, టైఫస్ వరసగా చెప్పి, మోర్గన్ కుటుంబానికి పంట పండే వాతావరణం ఇదేనని ఆ అధ్యాయం ముగిస్తాడు. ఏ ప్రచురణకర్తకైనా భయం వేస్తుంది లెండి.

సార్త్ర ఏం చూసి మెచ్చాడు? 1938లో ఆయన రాసిన వ్యాసం ‘నైన్‌టీన్ నైన్‌టీన్’ గురించి. డాస్ పాసోస్ కనిపెట్టింది ఒక్కటే, కథ చెప్పే కళ, అది చాలు అంటాడు. ఆయన చూపించిన కిటుకు ఇది. ఈ నవలల్లో మనుషుల ప్రేమలూ చావులూ వాళ్ళ మనసులోంచి చెప్పినట్టు ఉండవు, రేపు పేపర్లో పడబోయే వార్తలా చెప్పినట్టు ఉంటాయి. ‘అప్పుడతనికి ఉద్యోగం పోయింది, ఆమె అతనితో మాట్లాడ్డం మానేసింది, అతను ఓడ ఎక్కాడు.’ ఎందుకు అన్నది ఎవరూ అడగరు. మనిషి తన గురించి తాను ఆలోచించుకునేటప్పుడు కూడా నలుగురూ ఏమంటారో ఆ మాటల్లోనే ఆలోచిస్తాడు. పెట్టుబడి సమాజంలో మనిషికి జీవితం ఉండదు, విధి మాత్రమే ఉంటుంది అన్నది సార్త్ర చదువుకున్న అర్థం. ఊరికే మెచ్చుకుని ఊరుకోలేదు, తన ‘ది రిప్రీవ్’ నవలలో ఆ పద్ధతినే వాడుకున్నాడు.

నన్ను అడిగితే మూడు నవలల్లోనూ శిఖరం ‘నైన్‌టీన్ నైన్‌టీన్’ చివరి అధ్యాయం, ‘ది బాడీ ఆఫ్ ఏన్ అమెరికన్’. 1921లో అమెరికా ప్రభుత్వం ఫ్రాన్స్‌లో చనిపోయిన ఒక గుర్తుతెలియని సైనికుడి శవాన్ని తెచ్చి ఆర్లింగ్టన్‌లో సమాధి చేసింది. అధ్యాయం అందుకోసం అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, చేసిన తీర్మానంతోనే మొదలవుతుంది, కానీ మాటల మధ్య ఖాళీలు ఉండవు. పదాలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి, మీటింగులో గడగడా చదివేసి అయిందనిపించిన కాగితంలా వినబడుతుంది. ఆ తర్వాత శవాగారంలో ఒక పెట్టెని ఎంచుకునే దృశ్యం. నల్లవాడు కాకుండా చూడండిరా, ఇటాలియనో యూదుడో కాకుండా చూడండిరా అని సిపాయిలు తమ బూతుభాషలో అనుకుంటారు. ఎవరో తెలియని మనిషిలో కూడా కులగోత్రాలు వెతకడం! ఆ పెట్టెలో ఉన్న మనిషి ఎక్కడ పుట్టాడు? బ్రూక్లిన్‌లో, మెంఫిస్‌లో, క్లీవ్‌లాండ్ చెరువుగట్టు దగ్గర, అన్నిచోట్లా పుట్టాడు. అన్ని పనులూ చేశాడు. చివరికి గుండు తగిలి నెత్తురు మట్టిలోకి ఇంకిపోయింది. ఛాతీ ఉండాల్సిన చోట పతకాలు గుచ్చారు. ఒక్కో దేశం ఇచ్చిన పతకం పేరూ వరసగా చెబుతాడు. వాషింగ్టన్ పెద్దలంతా పూలు తెచ్చారు. వుడ్రో విల్సన్ పాపీ పూలగుత్తి తెచ్చాడు. అక్కడ రెండో నవల అయిపోతుంది. తిట్టు ఒక్కటీ లేదు. క్లాసులో ఇది పైకి చదివిన ప్రతిసారీ, అప్పటిదాకా వెనక బెంచీలో ఫోన్ చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తడం చూశాను.

ఇంత చేసినవాడికి ఏమైంది? స్పెయిన్.

1937 వసంతంలో అంతర్యుద్ధం జరుగుతున్న స్పెయిన్‌కి హెమింగ్వే, డాస్ పాసోస్ ఇద్దరూ వెళ్ళారు, ‘ది స్పానిష్ ఎర్త్’ అనే డాక్యుమెంటరీ సినిమా పని మీద. డాస్ పాసోస్‌కి అక్కడ పాత స్నేహితుడు ఉన్నాడు, హోసె రోబ్లెస్. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పాఠాలు చెప్పేవాడు, ‘మన్‌హాటన్ ట్రాన్స్‌ఫర్’ని స్పానిష్‌లోకి తెచ్చింది ఆయనే. ఫ్రాంకో సైన్యంతో పోరాడుతున్న రిపబ్లిక్ ప్రభుత్వం పక్షాన నిలబడి సోవియట్ అధికారులకి దుబాసీగా పనిచేస్తున్నవాడిని, ఆ పక్షం వాళ్ళే ఎత్తుకుపోయి రహస్యంగా చంపేశారు. కబురు చెప్పింది హెమింగ్వే. గూఢచారి అని కాల్చేసి ఉంటారు, యుద్ధంలో ఇలాంటివి మామూలే అన్నట్టు తేలిగ్గా చెప్పాడు. డాస్ పాసోస్ అది మింగలేకపోయాడు. ఆ స్నేహం అక్కడితో సరి. హెమింగ్వే చనిపోయాక 1964లో వచ్చిన ‘ఎ మూవబుల్ ఫీస్ట్’లో సొర చేప ముందు దారి చూపిస్తూ ఈదే పైలట్ చేప అని పేరెత్తకుండా ఒకణ్ణి ఎద్దేవా చేస్తాడు చూడండి, ఆ ఒకడు డాస్ పాసోసే. అప్పటికి పాతికేళ్ళు దాటినా కసి తీరలేదు.

స్పెయిన్ అనుభవం 1939లో ‘అడ్వెంచర్స్ ఆఫ్ ఏ యంగ్ మ్యాన్’ నవలయింది. కమ్యూనిస్టు పార్టీని నమ్ముకున్న కుర్రాణ్ణి ఆ పార్టీయే బలిపెడుతుంది. వామపక్ష పత్రికలు దాన్ని చీల్చి చెండాడాయి. ‘న్యూ రిపబ్లిక్’లో విమర్శకుడు మాల్కం కౌలీ రాసిన సమీక్ష వాటిలో పేరుమోసింది. ఆ తర్వాత డాస్ పాసోస్ ఏటేటా కుడివైపుకి జరుగుతూ వెళ్ళాడు. మితవాద పత్రిక ‘నేషనల్ రివ్యూ’కి వ్యాసాలు రాశాడు, 1964 అధ్యక్ష ఎన్నికల్లో మితవాద అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్‌ని సమర్థించాడు. 1970లో బాల్టిమోర్‌లో చనిపోయేనాటికి, తన యవ్వనం నాటి పాఠకులకి ఆయన బొత్తిగా పరాయివాడు. మీరు విన్న ‘తొక్కేశారు’ అన్న మాటకి ఆధారం ఇదంతా.

అయితే దీనికి రెండు అడ్డంకులున్నాయి. మొదటిది, 1939 తర్వాత రాసిన నవలలు నిజంగానే బలహీనమైనవి. రాజకీయాలు పక్కన పెట్టి చదివినా నీరసంగానే ఉంటాయి. సమీక్షకులందరూ కుట్ర చేశారనడానికి లేదు. రెండోది ఇంకా ముఖ్యమైనది. ఆ మళ్ళింపు స్పెయిన్‌లో రాత్రికి రాత్రి జరగలేదు. ‘ది బిగ్ మనీ’ 1936లో వచ్చింది, అంటే రోబ్లెస్ చావుకి ముందే. అందులో బెన్ కాంప్టన్ అనే యూదు కార్మికుణ్ణి చూడండి. యుద్ధం వద్దన్నందుకు జైలుకి వెళ్ళి వచ్చినవాణ్ణి, దారి తప్పాడని పార్టీ వెలివేస్తుంది. మేరీ ఫ్రెంచ్ ప్రేమించిన డాన్ స్టీవెన్స్ మాస్కో వెళ్ళి పెళ్ళాంతో తిరిగొస్తాడు. ఆ సంగతి మేరీకి ఇంకెవరో చెబితే గానీ తెలియదు. తెలిశాక కూడా ఆమె ఏడుస్తూ కూచోదు, సమ్మె చేస్తున్న గనికార్మికుల సహాయం పనికి వెళ్ళిపోతుంది. ఈ పేజీలు రాసినవాడు పార్టీ భక్తుడని అనుకున్నవాళ్ళు సరిగ్గా చదవలేదనే అనాలి. విమర్శకుడు లయనెల్ ట్రిల్లింగ్ 1938లోనే పట్టుకున్నాడు ఈ సంగతి. డాస్ పాసోస్ పట్టింపు ప్రధానంగా వ్యక్తి నైతికత మీద, సమాజమంతా దానికి పెద్ద రంగస్థలం అన్నాడు. వామపక్షం తమవాడని మోసినప్పుడూ, ద్రోహి అని తిట్టినప్పుడూ కూడా ఆ వ్యాసాన్ని పట్టించుకోలేదు.

ఇప్పుడు క్లాసురూము సంగతి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికన్ యూనివర్సిటీల్లో సాహిత్యం చెప్పే పద్ధతి మారింది. న్యూ క్రిటిసిజం రోజులవి. ఒక కవితని, ఒక చిన్న నవలని బల్ల మీద పెట్టి, రచయిత జీవితం, కాలం, రాజకీయాలు అన్నీ పక్కకి నెట్టి, ప్రతీకలు, వ్యంగ్యం, నిర్మాణం విప్పి చూపించడం. దానికి ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ అచ్చంగా సరిపోతుంది. రెండొందల పేజీలకి లోపు, ఒక పచ్చ దీపం, ఒక కళ్ళజోడు హోర్డింగు, పిల్లలకి పరీక్షలో రాయడానికి కావలసినంత సరుకు. ‘యు.ఎస్.ఏ.’ పన్నెండొందల పేజీల పైన ఉంటుంది. ప్రతీక అని వేలుపెట్టి చూపించడానికి ఏమీ ఉండదు. కాలాన్నీ రాజకీయాల్నీ పక్కకి నెడితే న్యూస్‌రీల్‌లో ఏం మిగులుతుంది? విల్సన్ ఎవరో, వాబ్లీలు అనే కార్మిక సంఘంవాళ్ళు ఎవరో, లుడ్లో గనికార్మికుల సమ్మెలో ఏం జరిగిందో చెప్పకుండా ఒక్క అధ్యాయం నడవదు. ఒక సెమిస్టర్‌లో ఆరు నవలలు చెప్పాల్సిన మాస్టారు దీన్నెందుకు పెట్టుకుంటాడు? సంకలనాల్లో ఫోర్డ్ మీదో, విల్సన్ మీదో ఒక జీవితచిత్రం తీసి వేస్తారు. విస్తరిలోంచి ఒక్క అప్పడం తీసి చేతిలో పెట్టి, పెళ్ళి భోజనం ఎలా ఉందని అడిగినట్టు ఉంటుంది. పిల్లలు ‘బాగుంది సర్’ అని ముందుకు వెళ్ళిపోతారు.

ఫిట్జ్‌జెరాల్డ్, ఫాక్‌నర్‌ల కథ ఇక్కడ పోల్చి చూడాలి. 1940లో చనిపోయేనాటికి ఫిట్జ్‌జెరాల్డ్‌ని జనం దాదాపు మర్చిపోయారు. యుద్ధం రోజుల్లో సైనికులకి ఉచితంగా పంచే జేబు పుస్తకాల్లో ‘గాట్స్‌బీ’ లక్షన్నర కాపీలకి పైగా వేశారు, తర్వాత విమర్శకులు అందుకున్నారు. 1940ల మధ్యకి ఫాక్‌నర్ పుస్తకాలు చాలామటుకు మార్కెట్లో దొరకవు. 1946లో ఆయన రచనల్లోంచి ఏరి, ఒక వరస కల్పించి, ‘ది పోర్టబుల్ ఫాక్‌నర్’ అని ఒక సంపుటి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన మనిషి ఎవరనుకున్నారు? మాల్కం కౌలీ. 1939లో డాస్ పాసోస్‌ని దులిపేసిన ఆ కౌలీయే. 1949 నోబెల్ బహుమతి ఫాక్‌నర్‌కి వచ్చింది. హెమింగ్వేకి 1954లో, స్టైన్‌బెక్‌కి 1962లో వచ్చాయి. డాస్ పాసోస్‌కి అలాంటి సంపాదకుడు దొరకలేదు. దొరికినా, ఈ నవలని ముక్కలు చేసి ఏరి ఇవ్వడం సాధ్యమయ్యే పని కాదు.

మన దగ్గర కూడా ఆ గాలే వీచింది. హైదరాబాద్‌లో ఉస్మానియా ప్రాంగణంలో 1964లో మొదలైన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌కి దేశం నలుమూలల నుంచీ పరిశోధన చేసేవాళ్ళు వచ్చేవాళ్ళు. ఆ లైబ్రరీ అలాంటిది. నాకు తెలిసినవాళ్ళలో ఎక్కువమంది హెమింగ్వే మీదో, ఫాక్‌నర్ మీదో, తర్వాత సాల్ బెలో మీదో పనిచేశారు. గైడ్ ఏది చదివాడో శిష్యుడూ అదే తీసుకుంటాడు. మా సిలబస్‌లలో డాస్ పాసోస్ ‘1930ల నవల’ అనే పాఠంలో ఒక పేరాకి పరిమితం. పరీక్షలో అడగరని పిల్లలకి ముందే తెలుసు.

పుస్తకంలోనే లోపాలున్నాయని పైన అన్నాను. పాత్రలకి లోతు లేదన్నది అందరూ చెప్పేదే. సార్త్రకి గొప్పగా తోచినదీ, డిగ్రీ కుర్రాడికి విసుగనిపించేదీ ఒకటే సంగతి: ఆ మనుషులకి లోపల ఏమీ కనబడదు. నాకది లోపంగా అనిపించదు, రచయిత కావాలని చేసింది అది. కానీ ఆ పద్ధతి వెయ్యి పేజీలు నడిచేసరికి తాగుడు, అబార్షన్, దివాళా, ప్రమాదం ఒకే తాళంలో పడుతూ పోతాయి. జో విలియమ్స్ యుద్ధం ఆగిన రాత్రి ఫ్రాన్స్‌లో ఒక బార్‌లో తలమీద సీసా దెబ్బ తిని చస్తాడు, చార్లీ ఆండర్సన్ ఫ్లోరిడాలో కారు రైలుకి గుద్దుకుని చస్తాడు, ‘డాటర్’ అని పిలిచే అమ్మాయి పారిస్‌లో విమానం కూలి చస్తుంది. మూడోసారికి గుండె ఝల్లుమనదు. ఇంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి. ‘యు.ఎస్.ఏ.’ అని పేరు పెట్టి రాసిన నవలలో ఆ పన్నెండు మందిలో నల్లజాతి మనిషి ఒక్కరూ లేరు. జనం మాటే దేశమని ముందుమాటలో అన్నవాడు ఆ జనంలో ఒక పెద్ద భాగం మాట వినలేదు. 1970ల తర్వాత అమెరికన్ సిలబస్‌లని తిరగరాసినవాళ్ళు దీన్ని వెనక్కి తేవడానికి తొందరపడకపోవడంలో వింతేం లేదు.

అయితే పేరు పోయినంత మాత్రాన పద్ధతి పోలేదు. నార్మన్ మైలర్ 1948లో ‘ది నేకెడ్ అండ్ ది డెడ్’లో ‘టైమ్ మెషీన్’ అని పెట్టిన భాగాలు దీని పిల్లలే, ఆయన ఎప్పుడూ దాచలేదు. ఇ.ఎల్. డాక్టరో ‘రాగ్‌టైమ్’లో ఫోర్డ్‌నీ మోర్గన్‌నీ కల్పిత పాత్రల మధ్య నడిపించడం ఇక్కడ నేర్చుకున్న విద్యే. జాన్ బ్రనర్ అనే సైన్స్ ఫిక్షన్ రచయిత 1968లో ‘స్టాండ్ ఆన్ జాంజిబార్’ నిర్మాణం మొత్తం దీన్నుంచి తీసుకున్నాడు. 2013లో జార్జ్ ప్యాకర్ ‘ది అన్‌వైండింగ్’ అని అమెరికా ఆర్థిక పతనం మీద నవల కాని పుస్తకం రాశాడు. మామూలు మనుషుల కథలు, మధ్యలో ప్రముఖుల జీవితచిత్రాలు, ఏడాదికో హెడ్డింగుల కోల్లాజ్. డాస్ పాసోస్‌కి బాకీ ఉన్నానని ఆయనే చెప్పుకున్నాడు. దానికి ఆ ఏడాది నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. 1998లో మోడర్న్ లైబ్రరీ వాళ్ళు ఇరవయ్యో శతాబ్దపు వంద నవలల జాబితా వేస్తే ‘యు.ఎస్.ఏ.’ది 23వ స్థానం. అది చూసి పుస్తకం కొన్నవాళ్ళ కన్నా, జాబితా చూసి ఇదేమిటని అడిగినవాళ్ళే నాకు ఎక్కువ తగిలారు.

ఇక మీరు చదవాలా అంటే, చదవండి. కానీ ‘గొప్ప పుస్తకం’ అన్న టెన్షన్‌తో కూచోకండి. మొదట ‘మన్‌హాటన్ ట్రాన్స్‌ఫర్’తో మొదలుపెట్టమని కొందరు చెబుతారు, చిన్నది గనక. నేను చెప్పను. అది న్యూయార్క్ కథ, ముక్కలు మరీ చిన్నవి, మనుషుల్ని గుర్తుపట్టేలోపే వెళ్ళిపోతారు. నేరుగా ‘ఫార్టీసెకండ్ ప్యారలల్’ తీయండి. మ్యాక్ కథ సాఫీగా నడుస్తుంది, ఆగకుండా చదివించేస్తుంది. ఒక కాగితం మీద పన్నెండు పేర్లూ రాసుకోండి. రెండో నవలలో ఎవరు ఎవరో తెలియక తల పట్టుకునే అవసరం ఉండదు. న్యూస్‌రీల్‌లు కళ్ళతో కాకుండా పైకి చదవండి, హెడ్డింగులు ఒక గొంతుతో, పాటలు ఇంకో గొంతుతో. కెమెరా ఐ మొదటిసారి అర్థం కాకపోతే ఆగకండి, దాటుకుంటూ పొండి. 49, 50 మాత్రం దాటకండి, సాకో వాంజెట్టి కథ అక్కడుంది. మూడూ చదివే ఓపిక లేదంటే ‘ది బిగ్ మనీ’ ఒక్కటి చాలు. ఫోర్డ్ మీద అధ్యాయం, మేరీ ఫ్రెంచ్ కథ, చివరన రోడ్డు పక్కన లిఫ్ట్ అడుగుతూ ఆకలితో నిలబడ్డ కుర్రాడూ, అతని నెత్తిమీద ఎగిరే విమానంలో తిన్నది కక్కుకునే డబ్బున్నవాడూ, అన్నీ అందులోనే ఉన్నాయి.

తర్వాతి కాలం నవలల జోలికి పోనక్కర్లేదు. 1961లో వచ్చిన ‘మిడ్‌సెంచురీ’లో పాత పద్ధతికి మళ్ళీ వచ్చాడు, సినిమా నటుడు జేమ్స్ డీన్ మీద రాసిన జీవితచిత్రం ఒక్కటి చూడండి, చేయి తిరిగిన విద్య పూర్తిగా పోలేదని తెలుస్తుంది. కాపీ కోసమైతే, మూడు నవలలూ ఉన్న లైబ్రరీ ఆఫ్ అమెరికా సంపుటి (1996) నోట్సుతో సహా బాగుంటుంది, అందులో వచ్చే పేర్లు ఎవరివో వెనక పేజీల్లో దొరుకుతాయి. ఖరీదు ఎక్కువ, కాగితం పల్చన. మొదటి నవలకి అమెరికాలో 2026 జనవరి 1తో కాపీరైట్ తీరిపోయింది, కాబట్టి అది ఉచితంగానే దొరుకుతుంది. రెండోదానికి 2028 దాకా, మూడోదానికి 2032 దాకా ఆగాలి. అప్పటిదాకా ఆ రెండూ పాత పేపర్‌బ్యాక్‌లు విడివిడిగా వెతుక్కోండి, మోయడానికీ అవే నయం.